వేడిగాలి దుప్పటి యంత్రం: అత్యవసర విభాగంలో దీని పనితీరుపై ఒక సమీక్ష

ప్రమాదవశాత్తూ శరీర ఉష్ణోగ్రత పడిపోయిన రోగిని తిరిగి వేడెక్కించడానికి వాడే వేడిగాలి దుప్పటి యంత్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆపరేషన్ థియేటర్లలో మత్తు వైద్యులకు ఇది ఏళ్ల తరబడి పరిచయమున్న పరికరం కాబట్టి అక్కడి వాడకం గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. క్యాజువాల్టీలో పరిస్థితి వేరు. అక్కడికి రోగి తడిబట్టలతో, తెలివి తప్పి, ఎంతసేపటి నుంచి చల్లబడ్డాడో ఎవరికీ తెలియని స్థితిలో వస్తాడు. అలాంటి మనిషి మీద ఈ దుప్పటి పరిస్తే ఏ మేరకు ఫలితం వస్తుంది, దానికి పెట్టే డబ్బు న్యాయమేనా అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

ఎండలకు పేరుపడ్డ మన రాష్ట్రాల్లో ఇలాంటి యంత్రం అవసరమేమిటని కొనుగోలు కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగే తెల్లవారుజాములను, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో అయిదు డిగ్రీల లోపుకు పడిపోయే చలి రాత్రులను చెప్పి వారిని ఒప్పించవచ్చు గాని, నిజానికి మన రోగుల్లో ఎక్కువమంది ఆ ఊళ్ల నుంచి రారు. మద్యం మత్తులో రాత్రంతా ఆరుబయట పడి ఉన్నవారు, చెరువులోనో కాలువలోనో పడి బయటికి తీసినవారు, థైరాయిడ్ లోపం ఉన్న వృద్ధులు, చక్కెర పడిపోయిన మధుమేహులు, రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరినవారు, రోడ్డు ప్రమాదంలో రక్తం పోయినవారు చలికాలం కాకపోయినా చల్లబడి వస్తారు. గాలితో పోలిస్తే నీరు శరీరంలోని వేడిని దాదాపు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి, గోదావరి జిల్లాల్లో వరదనీటిలో గంటల తరబడి నిలబడిన మనిషి చల్లబడటానికి మంచు కురవనక్కరలేదు.

వీరందరికన్నా ముందు చెప్పవలసిన వర్గం ఇంకొకటుంది. పురుగుమందు తాగి వచ్చిన రోగికి బట్టలన్నీ తీసేసి, ఒంటిని సబ్బునీటితో కడిగి, జుట్టు తడి ఆరకముందే ఏసీ కింద పడుకోబెట్టి, గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్ ఎక్కించడం మన ఆసుపత్రుల్లో రోజువారీ పని. కడగడం తప్పనిసరే, దాని తర్వాత తుడిచి కప్పడం మాత్రం చాలాచోట్ల ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. చాలా పురుగుమందుల్లో ఉండే ఆర్గానోఫాస్ఫేట్ విషమే మొదటి గంటల్లో ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది, దానిమీద మన చన్నీళ్లు తోడవుతాయి. మన క్యాజువాల్టీలో ఈ యంత్రానికి ఎక్కువ పని కల్పించేది ఈ రోగులేనని నా అంచనా.

యంత్రం నిర్మాణం చాలా సరళమైనది. గాలిని లోపలికి లాగి వడగట్టే ఫిల్టరు, దాన్ని వేడిచేసే హీటరు, ముందుకు నెట్టే బ్లోయరు ఒక పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టె నుంచి ఒక మెత్తని గొట్టం బయలుదేరి, రోగి మీద పరిచిన పలుచని రెండు పొరల దుప్పటిలోకి గాలిని పంపుతుంది. దుప్పటి ఉబ్బి, రోగి వైపు ఉన్న పొరలోని సన్నని రంధ్రాల గుండా వెచ్చని గాలి ఒంటికి తగులుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక మత్తు వైద్యుడు 1980ల చివర్లో మార్కెట్లోకి తెచ్చిన ‘బేర్ హగ్గర్’తో ఈ పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. ఆ తర్వాత అనేక కంపెనీలు ఇదే సూత్రం మీద యంత్రాలు తయారుచేశాయి. సాధారణంగా 32, 38, 43 డిగ్రీల సెల్సియస్ వంటి మూడు మెట్లు ఉంటాయి. వాడుక నేర్చుకోవడానికి స్టాఫ్ నర్సుకు పది నిమిషాలు చాలు. క్యాజువాల్టీకి వచ్చే పరికరాల్లో ఇంత సులువైనవి తక్కువ, ఈ విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాను.

ఫలితం విషయానికి వస్తే, శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపుకు పడితే దాన్ని హైపోథెర్మియా అంటాం. 35 నుంచి 32 వరకు తేలికపాటిది, 32 నుంచి 28 వరకు మధ్యస్థం, 28 కన్నా తక్కువైతే తీవ్రం. తేలికపాటి స్థాయిలో రోగి వణుకుతూనే ఉంటాడు. ఆ వణుకే మామూలుకన్నా కొన్ని రెట్లు వేడిని పుట్టిస్తుంది కాబట్టి తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు కప్పి, మింగగలిగితే తియ్యని వేడి పానీయం ఇస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. మధ్యస్థ స్థాయిలో వణుకు క్రమంగా ఆగిపోతుంది, తెలివి మందగిస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. అప్పుడు బయటినుంచి వేడి అందించక తప్పదు, ఈ యంత్రం తన ధరను రాబట్టుకునేది సరిగ్గా ఇక్కడే. రక్తప్రసరణ నిలకడగా ఉన్న రోగిలో ఇది గంటకు ఒకటి నుంచి రెండు డిగ్రీల వరకు, కొందరిలో అంతకన్నా కొద్దిగా ఎక్కువగా పెంచుతుంది. వింటే తక్కువ అనిపించే వేగమే గాని, శరీరంలో ఏ గొట్టమూ దూర్చకుండా, రక్తనాళం ఏదీ గుచ్చకుండా ఆ మాత్రం సాధించే పద్ధతులు తక్కువ.

దీనిలోని కిటుకు వేడిని లోపలికి నెట్టడంలో కన్నా బయటికి పోనివ్వకపోవడంలో ఎక్కువగా ఉంది. రోగి చుట్టూ వెచ్చని గాలి పొర ఏర్పడగానే చర్మం నుంచి వేడి పోవడం దాదాపు ఆగిపోతుంది. శరీరం తాను పుట్టించే వేడిని తానే దాచుకోగలుగుతుంది. అందువల్లే దుప్పటి మీద ఒక నూలు దుప్పటి అదనంగా కప్పితే ఫలితం మెరుగవుతుంది, కింద పరుపు తడిగా ఉంటే ఫలితం పాడవుతుంది. చేతులు, కాళ్లకన్నా ముందు ఛాతీ, పొట్ట భాగాన్ని వేడెక్కించడం మంచిది. చల్లబడిన కాళ్లలోని రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటే రక్తపోటు పడిపోవచ్చు. చలిలో మూత్రం ఎక్కువగా పోయి శరీరంలో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి, వేడెక్కుతున్నకొద్దీ సెలైన్ అవసరం పెరుగుతుందని ముందే లెక్కవేసుకోవాలి.

పురుగుమందు రోగుల విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ బాగా ఎక్కిన తర్వాత చెమట పట్టదు. చెమట పట్టని శరీరం మీద 43 డిగ్రీల గాలిని రాత్రంతా ఊదితే ఉదయానికి జ్వరంతో కొత్త సమస్య మొదలవుతుంది. ఉష్ణోగ్రత 36 దాటగానే యంత్రాన్ని తగ్గించడమో ఆపడమో చేయాలి. అలాగే చలివల్ల నెమ్మదించిన నాడి అట్రోపిన్‌కు సరిగా స్పందించదు. రోగి ఉష్ణోగ్రత చూడకుండా నాడిని మాత్రమే చూసి మోతాదు పెంచుకుంటూ పోవడం ప్రమాదకరం.

ఇవన్నీ ఉష్ణోగ్రత తెలిసినప్పటి మాటలు. ఈ యంత్రానికి అతి పెద్ద లోపం యంత్రంలో లేదు, దాని పక్కన ఉండవలసిన థర్మామీటరులో ఉంది. మన వార్డుల్లో అలవాటైన గాజు థర్మామీటరు గీతలు 94 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలవుతాయి, అంటే 34.4 సెల్సియస్ కన్నా కింద ఎంత ఉన్నా అది చెప్పలేదు. కేసు షీటులో ‘94’ అని రాసి ఉన్న రోగి నిజానికి 84 దగ్గర ఉండవచ్చు. సాధారణ డిజిటల్ థర్మామీటర్లు చాలావరకు 32 సెల్సియస్ కన్నా కిందికి పోతే ‘లో’ అని చూపించి చేతులెత్తేస్తాయి. కోవిడ్ కాలంలో గేటు దగ్గర మొదలై వార్డుల్లోకి కూడా వచ్చేసిన నుదుటి తుపాకుల సంగతి చెప్పనక్కరలేదు. చర్మం తడిగా, రక్తం అందక పాలిపోయి ఉన్న రోగిలో అవి చూపే అంకెకూ గుండె దగ్గరి ఉష్ణోగ్రతకూ సంబంధం ఉండదు. చంకలో పెట్టి చూడటమూ అంతే.

కావలసింది మానిటరుకు తగిలించే ప్రోబు, అంటే శరీరం లోపలికి దింపి ఉష్ణోగ్రతను కొలిచే సన్నని తీగ. చాలా మానిటర్లకు ఉష్ణోగ్రత పోర్టు ఉండనే ఉంటుంది. దానికి తగిలించే తీగ కొనకపోవడం వల్లనో, కొన్నది స్టోరులో తాళం వేసి ఉండటం వల్లనో అది ఖాళీగా కనబడుతుంది. గొంతులో ట్యూబు వేసిన రోగికి ప్రోబును అన్నవాహిక కింది మూడోవంతు వరకు దింపితే గుండెకు అతి దగ్గరి కొలత దొరుకుతుంది. పైనే వదిలేస్తే వెంటిలేటరు నుంచి వచ్చే వెచ్చని గాలి ప్రభావంతో తప్పుడు అంకె చూపిస్తుంది. ట్యూబు లేని రోగికి మలద్వారంలో సుమారు 15 సెంటీమీటర్ల లోతున పెట్టవచ్చు, అయితే వేడెక్కే సమయంలో ఆ కొలత గుండె కన్నా వెనకబడి నడుస్తుంది. ఎవరైనా నన్ను యంత్రం ముందా ప్రోబు ముందా అని అడిగితే, ధరలో యంత్రానికి దరిదాపుల్లో లేని ఆ ప్రోబునే ముందు కొనమంటాను.

వాడకంలో కనబడే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది గొట్టాన్ని దుప్పటికి తగిలించకుండా నేరుగా రోగి దుప్పట్ల కిందికి దూర్చడం. అసలు దుప్పటి అయిపోయినప్పుడు, ఇండెంటు పెట్టినా రానప్పుడు, ఇలా చేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. గొట్టం చివర వేడంతా ఒకేచోట పడుతుంది. తెలివిలేని రోగి కాలు తీసుకోలేడు. చల్లబడిన చర్మంలో ఆ వేడిని మోసుకుపోయే రక్తం ఉండదు. ఫలితం లోతైన కాలిన గాయం. తయారీదారులు పెట్టె మీదే హెచ్చరిక ముద్రిస్తారు. రక్తప్రసరణ దెబ్బతిన్న కాలిమీద దుప్పటి వాడరాదన్న హెచ్చరిక కూడా ఇందుకే. రంధ్రాలున్న వైపు పైకి పెట్టి పరచడం మరో సాధారణ తప్పు. దానివల్ల గాయం కాదు గాని గది వెచ్చబడుతుంది, రోగి చల్లగానే ఉంటాడు.

యంత్రం లేనిచోట సాగే ప్రత్యామ్నాయాలను దీని పక్కన పెట్టి చూస్తేనే దీని విలువ తెలుస్తుంది. గ్లౌజుల్లో వేడినీళ్లు నింపి చంకల్లో పెట్టడం, సెలైన్ సీసాలు మరగబెట్టి పక్కన ఆనించడం ఎంతో మంచి ఉద్దేశంతో చేసే పనులే, కాని మొదటి పావుగంట కాల్చి ఆ తర్వాత చల్లారిపోతాయి. బంధువులు అరికాళ్లకు శొంఠి పొడి రుద్దుతారు. వాళ్ల ఆదుర్దా అర్థం చేసుకోదగినదే, అయినా తీవ్రంగా చల్లబడిన రోగి విషయంలో దాన్ని మర్యాదగా ఆపాలి; ఆ స్థితిలో గుండె ఎంత సున్నితంగా ఉంటుందంటే స్ట్రెచరు మీద నుంచి మంచం మీదికి ఒక్క కుదుపుతో మార్చినా లయ తప్పవచ్చు. వెండిరంగు రేకు దుప్పటి అంబులెన్సులో గాలి తగలకుండా కాపాడటానికి బాగుంటుంది, చౌక కూడా. వేడిని మాత్రం పుట్టించదు. నవజాత శిశువుల వార్డులోని రేడియంట్ వార్మరు పెద్దవాళ్లకు సరిపోదు. వేడినీరు ప్రవహించే పరుపులు బరువైనవి, కింద ఒత్తిడి పడిన చర్మంలో రక్తం తక్కువ కాబట్టి అవి అందించే వేడి కూడా తక్కువే. వీటన్నిటిలో వేడిగాలి దుప్పటే మేలన్నది నా నిర్ణయం.

వెచ్చని సెలైన్ గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే యంత్రం కొనలేనివారు దాన్నే ప్రత్యామ్నాయంగా భావిస్తారు. అరవై కిలోల మనిషి ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచడానికి సుమారు 50 కిలో క్యాలరీల వేడి కావాలి. ముప్పై డిగ్రీల దగ్గర ఉన్న ఆ రోగికి 42 డిగ్రీలకు వెచ్చబెట్టిన సెలైన్ ఒక లీటరు ఎక్కిస్తే అందేది పన్నెండు కిలో క్యాలరీలు, అంటే పావు డిగ్రీ కూడా నిండదు. కాబట్టి సెలైన్‌తో రోగిని వేడెక్కించలేం. కాని చల్లని సెలైన్‌తో రోగిని ఇంకా చల్లబరచగలం: గది ఉష్ణోగ్రతలోని సెలైన్ ఒక లీటరు మామూలు పెద్దమనిషి ఉష్ణోగ్రతను దాదాపు పావు డిగ్రీ తగ్గిస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తం ఒక్క యూనిట్ కూడా అంతే పని చేస్తుంది. ప్రమాదంలో రక్తం పోయిన మనిషికి నాలుగైదు యూనిట్లు వేగంగా పట్టించేటప్పుడు ఈ లెక్క ప్రాణం మీదికి తెస్తుంది, చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు కాబట్టి. దుప్పటి ఒకవైపు ఇస్తున్నదాన్ని చేతి నరంలోని చల్లని గొట్టం మరోవైపు లాగేస్తుంటే అది చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. అందువల్ల గొట్టానికి తగిలించే సెలైన్ వార్మరు ఒకటి ఈ యంత్రంతోపాటే కొనాలి. నెమ్మదిగా పోయే సెలైన్, వార్మరు నుంచి నరం చేరేలోపు గొట్టంలోనే చల్లారిపోతుందని, కాబట్టి వార్మరును రోగికి వీలైనంత దగ్గరగా కట్టాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఈ యంత్రం పరిధి ముగిసే చోటు. శరీరం 28 డిగ్రీల కన్నా కిందికి దిగినప్పుడు గుండె ఏ క్షణమైనా వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లోకి, అంటే లయ తప్పి అదురుతూ రక్తాన్ని పంపలేని స్థితిలోకి జారవచ్చు. ఈసీజీలో గుండె కింది గదుల సంకోచాన్ని సూచించే క్యూఆర్‌ఎస్ గీత చివర చిన్న మూపురంలా కనిపించే ఆస్బోర్న్ తరంగం చలిని పట్టించే మంచి ఆధారం. గుండె ఆగిపోయిన రోగిలో చర్మానికి రక్తమే చేరదు కాబట్టి, పైనుంచి ఎంత వెచ్చని గాలి ఊదినా లోపలికి మోసుకెళ్లే దారి ఉండదు. అలాంటి రోగికి ఛాతీ నొక్కుతూనే, రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే ఎక్మో లేదా గుండె-ఊపిరితిత్తుల యంత్రం ఉన్న కేంద్రానికి చేర్చడమే సరైన మార్గం. ఆ పద్ధతిలో గంటకు తొమ్మిది డిగ్రీల వరకు కూడా వేడెక్కించవచ్చు. 1999లో ఉత్తర నార్వేలోని నార్విక్ దగ్గర స్కీయింగ్ చేస్తూ మంచు కింది నీటిలో ఎనభై నిమిషాలు చిక్కుకుపోయిన ఒక స్వీడిష్ వైద్యురాలి శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయినా, ట్రామ్సో ఆసుపత్రి బృందం ఇదే పద్ధతిలో ఆమెను బతికించింది. అక్కడ హెలికాప్టరు, ఎక్మో, సిద్ధంగా ఉన్న బృందం అన్నీ ఒక దారంలో కూర్చి ఉన్నాయి. మన దగ్గర ఎక్మో ఉన్నది హైదరాబాద్, విశాఖ వంటి నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో మాత్రమే. ఎక్మో అందని జిల్లా ఆసుపత్రిలో ఛాతీలోకి గొట్టాలు వేసి వెచ్చని సెలైన్‌తో కడగడం రెండో దారి, వేడిగాలి దుప్పటి దానికి తోడుగా మాత్రమే ఉంటుంది.

ఇక్కడ మందుల విషయంలోనూ మామూలు అలవాటు పనిచేయదు. 2021 నాటి యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం ఆగిన గుండెను తిరిగి కొట్టుకునేలా చేయడానికి ఇచ్చే అడ్రినలిన్‌ను 30 డిగ్రీల లోపు ఇవ్వరాదు. గుండె లయను సరిచేసే విద్యుత్ షాకులు మూడింటితో ఆపి, ఉష్ణోగ్రత 30 దాటేదాకా తర్వాతివి వాయిదా వేయాలి. 30 నుంచి 35 మధ్య మందుల వ్యవధిని రెట్టింపు చేయాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మాత్రం వేడెక్కిస్తూనే మామూలు పద్ధతిలో షాకులు, అడ్రినలిన్ ఇవ్వడాన్ని పరిశీలించవచ్చంటుంది. రెండింట్లో దేన్ని పాటించినా, చల్లగా ఉన్న మనిషి నాడిని పది సెకన్లు చూసి వదిలేయకుండా ఒక నిమిషం దాకా వెతకాలి, వేడెక్కించి చూడకుండా చనిపోయినట్టు ప్రకటించడానికి తొందరపడరాదు.

యంత్రానికున్న ఇబ్బందులూ తక్కువేమీ కాదు. శబ్దం గట్టిగా ఉంటుంది. పక్క మంచం రోగి ఊపిరి శబ్దాన్ని స్టెతస్కోపుతో వినడం కష్టమవుతుంది. హీటరు కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి దీన్ని సక్షన్, మానిటరుతో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టరాదు. మన వార్డుల్లో గోడ ప్లగ్గులు ఎన్ని ఉంటాయో తెలిసినవారికి ఇది చిన్న షరతు కాదని తెలుస్తుంది. ఒళ్లంతా కప్పే దుప్పటి వేస్తే మాటిమాటికీ యూరిన్ క్యాథెటరు, సెలైన్ లైను చూడటానికి దాన్ని ఎత్తాలి, ఎత్తిన ప్రతిసారీ వేడి పోతుంది. అందుకే క్యాజువాల్టీకి పైభాగం దుప్పట్లు ఎక్కువగా, పూర్తి దుప్పట్లు తక్కువగా తెప్పించుకోవడం మేలు.

అసలు ఖర్చు యంత్రానిది కాదు, దుప్పటిది. అది ఒకే రోగికి వాడి పారేయవలసిన వస్తువు. దుప్పట్లు తమ దగ్గరే కొంటామన్న ఒప్పందం మీద యంత్రాన్ని తక్కువకో ఉచితంగానో పెట్టే కంపెనీలు ఉన్నాయి, ఆ ఏర్పాటు మొదట్లో ఆకర్షణీయంగా ఉంటుంది. రెండేళ్ల దుప్పట్ల లెక్క వేసుకున్న తర్వాతే సంతకం పెట్టాలి. దుప్పటిని తుడిచి ఇంకొకరికి వాడటం మన దగ్గర జరగదని ఎవరూ నమ్మరు గాని, వాంతి, రక్తం అంటుకునే క్యాజువాల్టీలో ఆ పొదుపు చేయకూడనిది. ఈ వేడిగాలి వల్ల శస్త్రచికిత్స గాయాల్లో ఇన్ఫెక్షన్ పెరుగుతుందన్న ఆరోపణతో అమెరికాలో వేల కేసులు పడిన మాట నిజమే. అలాంటి సంబంధం స్థిరంగా కనబడలేదని, ఈ పరికరాల వాడకం కొనసాగించవచ్చని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2017లో వైద్యులకు తెలిపింది. ఎలాగూ ఆ వివాదం కీళ్ల మార్పిడి థియేటర్లది, మన రోగికి సంబంధించినది కాదు.

మొత్తం మీద బోధనాసుపత్రి అత్యవసర విభాగానికి, పెద్ద ట్రామా కేంద్రానికి ఈ యంత్రాన్ని సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. యాభై పడకల ఆసుపత్రికి అయితే ముందు లోపలి ఉష్ణోగ్రత చూపే ప్రోబు, తర్వాత సెలైన్ వార్మరు, వాటి తర్వాతే ఇది అంటాను. సామాజిక ఆరోగ్య కేంద్రానికి పొడి దుప్పట్లు, రేకు దుప్పట్లు, ఏసీ ఆపే అధికారం నర్సుకు ఇచ్చే ఒక ఉత్తర్వు చాలు. అక్కడినుంచి రోగి కప్పుకుని, పడుకున్నట్టే కదలకుండా పెద్దాసుపత్రికి చేరితే ఎక్కువ మేలు. కొనేవారు టెండరులో మూడు విషయాలు తప్పక రాయించుకోవాలి: నిర్ణీత గంటల వాడకానికి ఒకసారి ఫిల్టరు మార్పు, గొట్టం చివర గాలి ఉష్ణోగ్రతను బయోమెడికల్ ఇంజినీరు ఏటా కొలిచి చూపడం, దుప్పట్ల సరఫరా ఆగితే వేరే కంపెనీ దుప్పటి ఆ గొట్టానికి సరిపోతుందో లేదో లిఖితపూర్వకంగా తెలపడం. మూడోదానికి అమ్మకందారు నోటిమాటగా ఇచ్చే జవాబును ఒప్పుకోవద్దు.